పరుగు ఆగిన పందెపు గుర్రం గతేమిటి?

* కాలు విరిగేది క్షణంలో.. ఎముక బలహీనపడేది నెలల తరబడి
* నేల పదును, ముందస్తు పరీక్ష, విశ్రాంత పోషణ మూడూ కీలకం

మొయినాబాద్: చెరువు గట్టుకు ఆనుకొని ఉన్న ఒక తోటలో గోధుమవన్నె గుర్రం మేస్తున్నది. ఎడమ ముందుకాలి మోకాలి కింద, వెనుకవైపు, విల్లు వంచినట్లుగా ఉబ్బు కనిపిస్తున్నది. నడకలో కుంటు లేదు. పరుగు మాత్రం తీయదు. ఆరేళ్ల వయసులో పందెంలో కాలు దెబ్బతిన్నదని, అప్పటి నుంచి తోట యజమానే దానిని పోషిస్తున్నారని సంరక్షకుడు తెలిపారు. ఇప్పుడు దాని వయసు పదకొండు. ఆరోగ్యంగా ఉంటే మరో పదిహేనేళ్లు బతుకుతుంది.

ఈ గుర్రం అదృష్టం అన్ని గుర్రాలకూ ఉండదు. కొన్ని ట్రాకు మీదనే ప్రాణం విడుస్తాయి. మరికొన్ని చేతులు మారి, ఊళ్లు మారి, చివరకు ఎక్కడున్నాయో తెలియకుండా పోతాయి. గుర్రం కాలు విరిగినప్పుడు అడుగు తడబడిందనో, నేల బాగా లేదనో, దాని రాత అంతేననో అనుకోవడం పరిపాటి. పశువైద్య పరిశోధనలు చెబుతున్నది వేరు. ఈ ప్రమాదాలలో అధిక భాగం హఠాత్తుగా వచ్చేవి కావు. ముందుగా గుర్తించి, ఆపగలిగినవే.

ఒక్క వేలిపై పదకొండు క్వింటాళ్లు

గుర్రానికి ప్రతి కాలిలోనూ మిగిలినది ఒకే వేలు. మన నడివేలికి సమానమైనది అది. దాని గోరే గిట్ట. ముందుకాలిలో మనం మోకాలు అని పిలిచే కీలు నిజానికి మన మణికట్టుకు సమానం. ఆ కీలుకు దిగువన కండరం లేదు. ఎముక, దానిని కట్టి ఉంచే తాళ్ల వంటి స్నాయుబంధనాలు, పైన చర్మం మాత్రమే ఉంటాయి. కాలు తేలికగా ఉండి వేగంగా ఊగడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. వేగాన్ని ఇచ్చిన ఈ నిర్మాణమే దెబ్బతిన్న వేళ శాపంగా మారుతుంది.

పందెపు గుర్రం బరువు సుమారు 450 నుంచి 500 కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దౌడు తీసేటప్పుడు ప్రతి అంగలోనూ ఒక దశలో భారమంతా ఒకే ముందుకాలిపై పడుతుంది. ఆ క్షణంలో ఆ కాలు మోసేది దేహం బరువుకు సుమారు రెండున్నర రెట్లు. అంటే 450 కిలోల గుర్రం ఒంటికాలిపై పదకొండు క్వింటాళ్లకు పైగా మోస్తున్నదన్నమాట. గిట్టకు పైనున్న కీలు అప్పుడు దాదాపు నేలను తాకేంతగా కిందికి వంగుతుంది. 1,200 మీటర్ల చిన్న పందెంలోనే ఇటువంటి అంగలు సుమారు 170 నుంచి 200 వరకు వేయవలసి ఉంటుంది. ప్రమాదకరమైన విరుగుళ్లు ముందుకాళ్లలో, అందులోనూ ఈ కీలు చుట్టుపక్కల ఎక్కువగా సంభవించడానికి కారణం ఇదే.

మూలమలుపులో ఈ భారం మరింత పెరుగుతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు మనిషి పక్కకు ఒరిగినట్లే, గుర్రం దేహం కూడా బయటి వైపునకు లాగుతుంది. మలుపు వద్ద ట్రాకును లోపలి వైపునకు వాలుగా నిర్మించడం ఆ లాగుడును తగ్గించడానికే.

విరిగే ముందే పగుళ్లు

ఎముక రాయి వంటిది కాదు. అది సజీవమైన కణజాలం. బరువు పడిన చోట బలపడుతుంది. పదేపదే భారం పడినప్పుడు ఎముకలో కంటికి కనిపించని సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడతాయి. శరీరం ముందుగా ఆ పాడైన భాగాన్ని తొలగించి, ఆ తర్వాత కొత్త ఎముకను నింపుతుంది. తొలగింపు వేగంగా జరుగుతుంది. నింపడానికి వారాలు, నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆ చోట ఎముక బలహీనంగా ఉంటుంది. ఇల్లు మరమ్మతు చేసేవారు పాత గోడ కూల్చి, కొత్త గోడ ఇంకా లేపకముందే దూలం ఎక్కిస్తే ఏమవుతుందో, ఆ సమయంలో గుర్రాన్ని వేగంగా పరుగెత్తిస్తే అదే జరుగుతుంది.

దీర్ఘకాల విశ్రాంతి తర్వాత గుర్రం తిరిగి సాధనలోకి వచ్చే దశ ప్రమాదకరం కావడానికి కారణం ఇందులోనే ఉన్నది. గుర్రం ఉత్సాహంగా ఉంటుంది. ఊపిరి, కండరం త్వరగా సిద్ధమవుతాయి. ఎముక మాత్రం వెనుకబడి ఉంటుంది. అలాగని కుర్ర గుర్రానికి అసలు పరుగే లేకపోవడమూ మంచిది కాదు. క్రమంగా పెంచిన సాధనతోనే ఎముక గట్టిపడుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పందెపు ప్రాంగణాలలో మరణించిన ప్రతి గుర్రానికి శవపరీక్ష జరిపే విధానం 1990లో మొదలైంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యురాలు డాక్టర్ స్యూ స్టోవర్ దశాబ్దాల పాటు జరిపిన పరిశోధనలు ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చాయి. ప్రాణాంతకంగా విరిగిన ఎముకలలో అత్యధిక భాగం అంతకుముందే, అదే చోట దెబ్బతిని ఉన్నాయి.

స్నాయుబంధనాల కథ కూడా ఇటువంటిదే. ముందుకాలి వెనుక సాగే పెద్ద స్నాయుబంధనంలో పోగులు కొద్దికొద్దిగా తెగుతూ వస్తాయి. తొలి గుర్తులు చేతికి తగిలే వెచ్చదనం, స్వల్పమైన వాపు. వాటిని పట్టించుకోకపోతే మొయినాబాద్ తోటలోని గుర్రం కాలిలా విల్లు తిరుగుతుంది. మానడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు పడుతుంది. మానినా మచ్చ కట్టిన కణజాలానికి మునుపటి సాగుదల ఉండదు. అందువల్ల తిరిగి దెబ్బతినే ప్రమాదం ఎక్కువ.

కాలు విరిగితే ఎందుకు బతకదు?

మనిషి కాలు విరిగితే కట్టు కట్టి ఆరు వారాలు మంచంపై పడుకోబెడతారు. గుర్రానికి అలా ఎందుకు చేయరని పలువురు అడుగుతారు. అంత బరువైన జంతువు రోజుల తరబడి పడుకొని ఉంటే ఊపిరితిత్తులు, పేగులు, కండరాలు దెబ్బతింటాయి. నిలబడితే విరిగిన కాలిపై భారం పడుతుంది. వేగంలో విరిగిన ఎముక తరచుగా ముక్కలు ముక్కలవుతుంది. పలుచని చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తే రక్తప్రసరణ దెబ్బతిని, చీము పట్టే ప్రమాదం ఉంటుంది.

ఇంకొక ముప్పు బాగున్న కాలికి వస్తుంది. విరిగిన కాలిని కాపాడుకోవడానికి గుర్రం రెండో కాలిపైనే వారాల తరబడి నిలబడుతుంది. అప్పుడు ఆ గిట్ట లోపలి పొరలకు రక్తం సరిగా అందక, ఎముకను గిట్టకు అంటిపెట్టే పొరలు ఊడిపోతాయి. లామినైటిస్ అనే ఈ వ్యాధి భరించరాని బాధ కలిగిస్తుంది.

2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో విషయంలో జరిగినది ఇదే. డెర్బీ తర్వాత రెండు వారాలకు, ఆ ఏడాది మే 20న జరిగిన ప్రీక్‌నెస్ పందెంలో దాని కుడి వెనుకకాలు విరిగింది. వైద్యులు లోహపు పలకను అమర్చి 27 మరలతో ఎముకలను కలిపారు. ఎముక అతుకుతున్న దశలో గిట్టలకు లామినైటిస్ సోకింది. ఎనిమిది నెలల పోరాటం తర్వాత 2007 జనవరి 29న దానికి కారుణ్య మరణం కల్పించారు. ఖర్చుకు వెనుకాడని యజమానులు, పేరున్న ఆసుపత్రి ఉండి కూడా ఫలితం దక్కలేదు. అన్ని విరుగుళ్లూ ప్రాణాంతకం కావు. చిన్న చీలికలను మరలతో బిగించి తిరిగి పరుగెత్తించిన సందర్భాలు అనేకం. అయితే అవి సకాలంలో గుర్తించినవి.

నయం కాని బాధతో ఉన్న జంతువుకు కారుణ్య మరణం కల్పించడానికి మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది.

నేల పదునే ప్రాణం

దుక్కికి ముందు మట్టిని పిడికిట పట్టి పదును చూసే రైతుకు ట్రాకు సంగతి చెప్పనక్కరలేదు. మరీ ఎండితే నేల గట్టిపడి గిట్టకు తగిలే దెబ్బ నేరుగా ఎముకకు ఎక్కుతుంది. మరీ తడిస్తే గిట్ట దిగబడి, స్నాయుబంధనాలు లాగుకుపోతాయి, గుర్రం జారుతుంది. పదును సరిగా ఉన్నప్పుడు గిట్ట కొద్దిగా దిగి, కొద్దిగా జారి, తర్వాత పట్టు దొరుకుతుంది.

అయితే మెత్తదనం కంటే ముఖ్యమైనది సమానత్వం. ట్రాకు అంతా గట్టిగా ఉంటే గుర్రం, జాకీ దానికి తగినట్లు సర్దుకుంటారు. ఒక చోట గట్టిగా, పది అడుగుల తర్వాత మెత్తగా ఉంటేనే ముప్పు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అడుగు మార్చుకోవడానికి వ్యవధి ఉండదు.

నేల గట్టిదనాన్ని కొలవడానికి పెనెట్రోమీటర్ అనే సాధనాన్ని వాడుతారు. కిలో బరువును మీటరు ఎత్తు నుంచి జారవిడిచి, కింది కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూస్తారు. ట్రాకు పొడవునా పలుచోట్ల కొలిచి సగటు ప్రకటిస్తారు. సగటు ఒక్కటే చూస్తే చాలదు. ఎక్కడెక్కడ ఎంత తేడా ఉన్నదన్నది కూడా చూడాలి.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, హైదరాబాదు పందేలు మౌలాలీ నుంచి మలక్‌పేటకు మారాయి. నేటికీ అక్కడే జరుగుతున్నాయి. వర్షాకాలపు పందేలు, శీతాకాలపు పందేలు రెండు వేర్వేరు నేలలను గుర్రం ముందుంచుతాయి. ఒకదానిలో కుండపోత వాన, మరొకదానిలో నెలల తరబడి చుక్క పడని ఎండ. నీరు నిలవకుండా అడుగున ఇసుక, కాలువలు, వేరు లోతుగా పాతుకునే గడ్డి, పందెం ముగిసిన ప్రతిసారీ లేచిపోయిన గడ్డి పెళ్లలను తిరిగి నింపడం, లోపలి కంచెను అప్పుడప్పుడు జరిపి తొక్కుడుపడని గడ్డిని అందించడం ఎక్కడైనా గడ్డి ట్రాకుకు తప్పనిసరి పనులు. ఈ పని చేసే కూలీల పేర్లు ఏ పందెపు పుస్తకంలోనూ కనిపించవు. గుర్రం ప్రాణం, దానిపైనున్న జాకీ ప్రాణం వారి పనితనంపై ఆధారపడి ఉన్నవి.

శాంటా అనీటా నేర్పిన పాఠం

నేల ఒక్కటే కారణమనుకోవడం ఎంత పొరపాటో లాస్ ఏంజిలిస్ సమీపంలోని శాంటా అనీటా పార్కు ఉదంతం తేటతెల్లం చేసింది. 2018 డిసెంబరు 26న మొదలైన సీజన్‌లో, 2019 జూన్ నాటికి అక్కడ 30 గుర్రాలు మరణించాయి. ఆ శీతాకాలంలో అసాధారణంగా వానలు కురిశాయి. నీరు ఇంకకుండా ట్రాకును రోలర్లతో అణచి గట్టిపరచడం, మళ్లీ గుల్లపరచడం పదేపదే జరిగింది. మార్చిలో పందేలు నిలిపివేసి నేలను నిపుణులతో పరీక్షింపజేశారు.

కాలిఫోర్నియా గుర్రపు పందేల మండలి 2020లో విచారణ నివేదిక వెలువరించింది. ఒకే ఒక్క కారణాన్ని ఆ నివేదిక చూపలేదు. ఎముకలు విరిగి మరణించిన గుర్రాలలో దాదాపు అన్నింటిలోనూ పాత దెబ్బల ఆనవాళ్లు కనిపించాయి. అంటే వాన నేల చివరి దెబ్బ కొట్టి ఉండవచ్చు గాని, అప్పటికే దెబ్బతిన్న కాళ్లతో గుర్రాలు ట్రాకెక్కాయి.

ఇదే ప్రాంగణంలో 2007లో సహజమైన మట్టికి బదులు కృత్రిమ ఉపరితలాన్ని పరిచారు. ఇసుకకు మైనం పూత, పీచు కలిపి చేసే నేల అది. ఇటువంటి నేలపై మరణాలు తక్కువగా ఉన్నట్లు అమెరికా గణాంకాలు చూపుతున్నాయి. అయినా నీరు పారుదల ఇబ్బందుల వల్ల 2010లో దానిని తొలగించి మళ్లీ మట్టినే పరిచారు. ఎంత మంచి నేల అయినా వాతావరణానికి సరిపడకపోతే, నిర్వహణ లేకపోతే ఫలితం ఉండదు.

లెక్క రాస్తేనే దిద్దుబాటు

అమెరికాలో జాకీ క్లబ్ సంస్థ 2009 నుంచి పందేలలో ప్రాణాంతక గాయాల లెక్కలను క్రోడీకరిస్తున్నది. ఆ ఏడాది ప్రతి వెయ్యి పరుగులకు 2.00 మరణాలు నమోదయ్యాయి. 2023 నాటికి ఇది 1.32కు తగ్గింది. 2020లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ భద్రతా సంస్థ 2022 జులై 1 నుంచి నిబంధనలు అమలుచేస్తున్నది. ఆ సంస్థ పరిధిలోని ప్రాంగణాలలో 2024లో మరణాల రేటు 0.90గా నమోదైంది. దారి మధ్యలో ఎదురుదెబ్బలు లేకపోలేదు. 2023లో కెంటకీలోని చర్చిల్ డౌన్స్‌లో 12 గుర్రాలు మరణించడంతో మిగిలిన సీజన్‌ను మరో ప్రాంగణానికి మార్చవలసి వచ్చింది.

ఆస్ట్రేలియాలో 2020 మెల్‌బోర్న్ కప్‌లో ఇంగ్లండ్ డెర్బీ విజేత ఆంథోనీ వాన్ డైక్ కాలు విరిగి మరణించింది. ఆ తర్వాత విదేశాల నుంచి వచ్చే గుర్రాలకు పందేనికి ముందు కాళ్ల సీటీ స్కాన్ తప్పనిసరి చేశారు. పగులు అనుమానం ఉన్న గుర్రాన్ని, దాని యజమాని ఎంతటివారైనా, పందెం నుంచి తప్పిస్తారు. ఎముకలోని మార్పులను కనిపెట్టే స్కానింగ్ యంత్రాలు శాంటా అనీటాలోనూ వచ్చాయి. గుర్రం అంగలో తేడాను పసిగట్టే చిన్న పరికరాలను జీనుకు అమర్చి పరీక్షిస్తున్నారు.

ఇంత యంత్రాంగం లేని చోట కూడా చేయగలిగింది ఉన్నది. రోజూ ఉదయం సైసు గుర్రం కాళ్లను చేతితో తడిమి వెచ్చదనం, వాపు చూడటం అన్నిటికన్నా పాత పరీక్ష. నేటికీ దానికి సాటి లేదు. సైసు గమనించిన విషయం ట్రైనర్‌కు, అక్కడి నుంచి వైద్యునికి భయం లేకుండా చేరాలి. నొప్పి తెలియకుండా చేసే మందులతో గుర్రాన్ని పరుగెత్తించడం ఈ హెచ్చరిక గంట నోరు నొక్కడమే. నొప్పి లేని గుర్రం విరగబోయే కాలినీ పూర్తి బలంతో నేలకు కొడుతుంది.

విరమణ తర్వాత ఇరవై ఏళ్లు

పందెపు గుర్రాల పరుగు సాధారణంగా రెండేళ్ల వయసులో మొదలై, ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ముగుస్తుంది. గుర్రం ఆయుష్షు 25 ఏళ్లు, కొన్నింటికి అంతకు మించి కూడా. అంటే సంపాదించిన కాలం నాలుగైదేళ్లు, పోషించవలసిన కాలం ఇంచుమించు ఇరవై ఏళ్లు. సమస్య మూలం ఈ లెక్కలోనే ఉన్నది.

మేలైన ఆడగుర్రాలు సంతానం కోసం పెంపక కేంద్రాలకు వెళ్తాయి. మగవాటిలో ఆ అవకాశం దక్కేది కొద్దింటికే. మిగిలినవి స్వారీ శిక్షణ కేంద్రాలకు, ఫాంహౌస్‌లకు, పెళ్లి ఊరేగింపులకు చేరుతాయి. పాముకాటు విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది గనుక కొన్ని ఆ కేంద్రాలకూ వెళ్తాయి. చేతులు మారే కొద్దీ గుర్రం ధర తగ్గుతుంది, మేత తగ్గుతుంది, వైద్యం కరవవుతుంది.

2025 ఏప్రిల్ చివర, మే మొదటి రోజులలో హైదరాబాదు నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ సమీపానికి 57 గుర్రాలను తరలించారు. పందేలకు వినియోగించినవిగా ఇవి వార్తలకెక్కాయి. మండుటెండలలో సాగిన ఆ ప్రయాణం తర్వాత కొద్ది రోజులలోనే ఎనిమిది గుర్రాలు మరణించాయి. మరణాలు ఆ తర్వాతా ఆగలేదు. వ్యవహారం ఆ రాష్ట్ర హైకోర్టుకు చేరింది. పరుగు ఆగిన గుర్రానికి బాధ్యులెవరన్న ప్రశ్నను ఈ ఘటన మన గడప ముందుకే తెచ్చింది.

ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. కానీ మొదటి తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే. నేటి ధరలలో గుర్రానికి ఒక పూట ఉలవలకైనా అది చాలదు.

ఇతర దేశాలు ఇందుకు నిధి మార్గాన్ని ఎంచుకున్నాయి. బ్రిటన్‌లో విరమించిన గుర్రాలకు కొత్త పనులలో శిక్షణ ఇప్పించే సంస్థ 2000లో ఏర్పడింది. అమెరికాలో 2012లో మొదలైన కూటమి ఆశ్రయ కేంద్రాలను తనిఖీ చేసి, ప్రమాణాలు పాటించేవాటికి నిధులు ఇస్తున్నది. యజమానులు, పెంపకందారులు, పందెపు ప్రాంగణాలు తలా కొంత చెల్లిస్తారు. గుర్రం పరుగెత్తుతున్న రోజులలోనే దాని ముసలితనానికి కొంత పక్కన పెట్టడమే ఇందులోని సూత్రం.

తీసుకునేవారు చూడవలసినవి

మన జిల్లాలో స్వారీ కేంద్రాలు, తోటలు పెరిగాయి. విరమించిన గుర్రాన్ని చవకగా వస్తున్నదని తీసుకునేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలని పశువైద్య శాస్త్రం చెబుతున్నది.

* గుర్రం గుర్తింపు పత్రం, మైక్రోచిప్ సంఖ్య సరిచూసుకోవాలి. పత్రం లేని గుర్రం గత వైద్య చరిత్ర తెలియదు.
* నాలుగు కాళ్లనూ పశువైద్యునితో పరీక్ష చేయించాలి. ముందుకాళ్లకు ఎక్స్‌రే, స్నాయుబంధనాలకు అల్ట్రాసౌండ్ అవసరం.
* పందెపు గుర్రం గింజల దాణాకు అలవాటుపడి ఉంటుంది. ఒక్కసారిగా పచ్చిమేతకు మార్చితే కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. వారాల తరబడి నెమ్మదిగా మార్చాలి.
* వచ్చిన వెంటనే స్వారీకి దించకూడదు. శరీరం, మనసు కుదుటపడటానికి కొన్ని నెలల విరామం ఇవ్వాలి.
* లాడం, గిట్టల కత్తిరింపు నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, టీకాలు, పంటి పరీక్ష సకాలంలో జరగాలి. ఈ ఖర్చు ఏటేటా ఉంటుంది. భరించలేమనుకుంటే తీసుకోకపోవడమే గుర్రానికి మేలు.

ఇవి జరగాలి

పందేలు ఉండాలా, వద్దా అన్నది వేరే చర్చ. ఉన్నంతకాలం కొన్ని ఏర్పాట్లు తప్పవు. ఎన్ని గుర్రాలు పరుగెత్తాయి, ఎన్ని గాయపడ్డాయి, ఎన్ని మరణించాయి, ఎన్ని విరమించి ఎక్కడికి వెళ్లాయి అన్న పట్టికను మన దేశంలోని క్లబ్బులన్నీ కలిసి ఏటా ప్రజల ముందుంచాలి. పందెంలో మరణించిన ప్రతి గుర్రానికి శవపరీక్ష జరగాలి, ఫలితం ట్రైనర్లందరికీ తెలియాలి. ట్రాకు కొలతలు సగటుగా కాక చోటు చోటుకూ ప్రకటించాలి. బహుమతి సొమ్ము నుంచి కొద్ది భాగం విరమణ నిధికి చేరాలి. గుర్రం చేతులు మారిన ప్రతిసారీ కొత్త యజమాని పేరు నమోదు కావాలి.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు సామెత చెప్పారు. దండగ ఖర్చును ఎత్తిపొడవడానికి వాడే మాట అది. పరుగెత్తి సంపాదించి, కాలు పోగొట్టుకున్న గుర్రం విషయంలో మాత్రం దానిని బాధ్యతగానే తీసుకోవలసి ఉన్నది. మొయినాబాద్ తోటలోని గోధుమవన్నె గుర్రానికి సాయంత్రం మేత వేసే వేళకు సంరక్షకుడు ముందుగా చేసే పని ఒకటున్నది. వంగి, ఎడమ ముందుకాలి ఉబ్బుపై అరచేయి పెట్టి వెచ్చదనం చూస్తారు. పందేల రోజులలో ఆ చేయి సకాలంలో పడి, ఆ మాట విని ఉంటే ఆ కాలు నిలిచేదేమో.